పైన పడితే నీళ్ళు, లోపల పడితే ఆసుపత్రి



పోయిన సంచికలో పాముకాటు గురించి వేసినప్పుడు చాలామంది గోడ దగ్గర నిలబడి చదివినారు. ఈసారి పాము కంటే దగ్గరగా, మన బాత్రూము గూట్లోనే ఉండే దాని గురించి రాస్తున్నాను. అదే యాసిడ్. పామును చూస్తే ఎవరైనా దూరం జరుగుతారు. యాసిడ్‌ను చూస్తే నీళ్ళనుకుంటారు. చిక్కంతా ఇక్కడే ఉంది.

నేను దీన్ని పుస్తకంలో చదివి రాయడం లేదు. మా ఇంట్లో జరిగింది కాబట్టి రాస్తున్నాను.

మా చిన్నోడి సంగతి

ప్రొద్దుటూరు బంగారానికి పేరుపడిన ఊరని మీకందరికీ తెలుసు. మా చిన్నాయన ఆ ఊర్లో బంగారు పని చేసే గదులు ఊడ్చిన దుమ్ము కొనుక్కొస్తాడు. దాన్ని ఇంటి దగ్గర కడిగి, అందులో చిక్కిన రవలు ఏరి అమ్ముతాడు. ఆ రవల్ని శుభ్రం చెయ్యడానికి నత్రికామ్లం కావాలి. కంసాలులు దాన్ని ద్రావకం అంటారు. చిన్నాయన అది కొంచెం ఒక కూల్‌డ్రింకు సీసాలో పోసి, ఇంటెనక గూట్లో పెట్టినాడు.

ఎండాకాలం. మా చిన్నోడికి అప్పుడు ఆరేళ్ళు. ఆడుకొని దప్పికతో వచ్చినాడు. కూల్‌డ్రింకు సీసా కనపడింది. ఒక గుక్క తాగినాడు. వెంటనే సీసా పారేసి గట్టిగా అరిచినాడు.

మా జేజి పరిగెత్తుకొచ్చింది. మా కాలనీలో ఎవరైనా పురుగుల మందు తాగితే ఏం చేస్తారో ఆమె చాలాసార్లు చూసింది. కుంకుడుకాయలు నలిపి రసం తీసి తాగించింది. తర్వాత ఉప్పు నీళ్ళు తాగించింది. వాడు రెండుసార్లు కక్కినాడు. అందరూ "విషం బయటికొచ్చేసింది, ఇంక భయం లేదు" అనుకున్నారు. ఆ తర్వాత ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయినారు.

డాక్టరు విని తల పట్టుకున్నాడు. ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "యాసిడ్ లోపలికి పోయేటప్పుడు ఒకసారి కాల్చింది. మీరు కక్కించినప్పుడు అదే దారిలో వస్తూ ఇంకోసారి కాల్చింది" అన్నాడు.

చిన్నోడు బతికినాడు. పది రోజులకు ఇంటికొచ్చినాడు. మేమంతా సంతోషపడినాము. కానీ నెల దగ్గర పడేసరికి సంగటి ముద్ద మింగలేకపోయినాడు. తర్వాత అన్నం కూడా దిగలేదు. చివరికి గంజి మాత్రమే పోతాండె. లోపల కాలిన చోట పుండు మానుతూ మచ్చ కట్టి, ఆహారవాహిక సన్నబడిపోయిందని పెద్దాసుపత్రిలో చెప్పినారు. అప్పటి నుంచి కొన్ని వారాలకొకసారి మత్తిచ్చి, గొట్టం వేసి ఆ దారిని కొంచెం కొంచెం వెడల్పు చేస్తున్నారు.

మా జేజి ఇప్పటికీ ఏడుస్తుంది. "నా చేతుల్తోనే పోసినానే" అంటుంది. ఆమెకు ఎన్నో చెట్ల మందులు తెలుసు. ఆమె తప్పేమీ లేదు. యాసిడ్‌కు వేరే పద్ధతి ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మనం చదువుకుంటున్నాము కాబట్టి తెలుసుకొని మన ఇండ్లల్లో చెప్పాలి. నేను ఈ వ్యాసం రాసేది అందుకే.

ఇవి మన చుట్టూ ఎక్కడెక్కడ ఉన్నాయి?

తగిలిన చోటును కాల్చేసే రసాయనాలు రెండు రకాలు: ఆమ్లాలు, క్షారాలు. ఎనిమిదో తరగతిలో లిట్మస్ కాగితం ఎర్రగా, నీలంగా మారడం చూసినాము కదా, అవే.

బంగారు పనిలో రెండు ఆమ్లాలు ఉంటాయి. గీటురాయి మీద నగను రాకి, ఆ గీత మీద నత్రికామ్లం చుక్క వేస్తే రాగి, వెండి కరిగిపోతాయి, బంగారం నిలుస్తుంది. బంగారాన్నే కరిగించాలంటే మూడు పాళ్ళు హైడ్రోక్లోరికామ్లం, ఒక పాలు నత్రికామ్లం కలుపుతారు. అదే ద్రవరాజం. బంగారాన్ని కరిగించేది మనిషి చర్మాన్ని వదిలిపెడుతుందా? నత్రికామ్లం తగిలిన చర్మం పసుపు రంగుకు తిరుగుతుంది. పసుపు అంటుకుందేమో అనుకోవద్దు. అది చర్మంలోని మాంసకృత్తులు ఆమ్లంతో కలిసి మారిన రంగు.

బాత్రూము కడిగే యాసిడ్ హైడ్రోక్లోరికామ్లం. లారీ, ట్రాక్టరు బ్యాటరీలో ఉండేది గంధకికామ్లం.

క్షారాలు ఇంకా ఎక్కువగా ఉన్నాయి. మన జిల్లా సున్నపురాయి జిల్లా. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు ఉండేది ఆ రాయి వల్లనే. సెలవుల్లో మనలో చాలామంది బేల్దారి పనికి పోతారు. తడి సిమెంటు క్షారం. వట్టి కాళ్ళతో, మోకాళ్ళ మీద కూర్చొని గంటల తరబడి పని చేస్తే చర్మం కాలిపోతుంది. చేసేటప్పుడు నొప్పి తెలియదు, రాత్రికి తెలుస్తుంది. వెల్లవేసే సున్నం, వక్కాకుకు పూసే సున్నం, కాస్టిక్ సోడా, ఇవన్నీ క్షారాలే. బ్లీచింగు పౌడరు కూడా ఇలాగే కాలుస్తుంది.

పులివెందుల దగ్గర తుమ్మలపల్లెలో యురేనియం ఖనిజాన్ని శుద్ధి చేస్తారు. చాలాచోట్ల ఆ పని ఆమ్లంతో జరుగుతుంది. ఇక్కడ మాత్రం క్షారంతో చేస్తారు. ఎందుకంటే ఇక్కడి రాయి సున్నపురాయి జాతిది. ఆమ్లం పోస్తే బుసబుసమని పొంగి, ఆమ్లమంతా రాయే తినేస్తుంది. మన ఊరి రాయిలోనే ఇంత రసాయన శాస్త్రం ఉంది.

ఆమ్లానికి, క్షారానికి తేడా

ఆమ్లం తగిలిన చోట మాంసం గడ్డకట్టి, పొక్కు లాగా ఒక పొర ఏర్పడుతుంది. ఆ పొర కొంతవరకు ఆమ్లాన్ని లోపలికి పోనీయదు. క్షారం అలా కాదు. అది కొవ్వును సబ్బుగా మార్చి, మాంసాన్ని మెత్తగా కరిగించుకుంటూ లోతుకు పోతూనే ఉంటుంది. చెయ్యి జారుడు జారుడుగా అనిపించేది అందుకే. నొప్పి కూడా ఆలస్యంగా వస్తుంది. కాబట్టి "మంట లేదు కదా" అని సున్నాన్ని, సిమెంటును తేలికగా తీసుకోవద్దు. కంటిలో పడితే చాలా క్షారాలు ఆమ్లం కంటే ఎక్కువ చెడుపు చేస్తాయి.

ఒంటి మీద పడితే

పోయిన వానాకాలం మన హాస్టల్లో జరిగింది కొందరికి గుర్తుండే ఉంటుంది. ఆదివారం బాత్రూములు కడుగుతుంటే యాసిడ్ సీసా జారి ఒకని పాదం మీద, పిక్క మీద పడింది. ఒకడు టూత్‌పేస్టు తెస్తానని పరిగెత్తినాడు. ఇంకొకడు సోడా పొడి వెయ్యమన్నాడు. నాకు మా చిన్నోడి డాక్టరు చెప్పింది గుర్తొచ్చింది. వాణ్ణి తొట్టి దగ్గరికి లాక్కుపోయి చెంబుతో నీళ్ళు పొయ్యడం మొదలుపెట్టినాను. రెండు నిమిషాలకు వాడు "చాలు, మంట తగ్గింది" అన్నాడు. మేము ఆపలేదు. నలుగురం వరసగా నిలబడి బకెట్లు అందించినాము. వార్డెన్ సారు గడియారం చూసి ఇరవై నిమిషాలు అయినాక ఆపమన్నారు. తర్వాత ఆసుపత్రికి పంపించినారు. ఇప్పుడు వాని కాలి మీద అర్ధరూపాయంత మచ్చ మాత్రమే ఉంది. మేం చేసిన వైద్యం నీళ్ళు పొయ్యడం ఒక్కటే.

వరసగా చెయ్యవలసినవి:

1. వెంటనే నీళ్ళు పొయ్యాలి. డాక్టరు కోసం, మందు కోసం, సారు కోసం ఎదురు చూడవద్దు. మొదటి నిమిషంలో పోసిన చెంబెడు నీళ్ళు, పావుగంట తర్వాత పోసిన బిందెడు నీళ్ళ కంటే మేలు చేస్తాయి.

2. నీళ్ళు పోస్తూనే యాసిడ్ తడిసిన బట్టలు, చెప్పులు, కడియం, మొలతాడు తీసెయ్యాలి. చొక్కాను తల మీదుగా లాగవద్దు, కళ్ళకు తగులుతుంది. గుండీలు విప్పాలి, లేదా కత్తిరించాలి.

3. కనీసం ఇరవై నిమిషాలు పొయ్యాలి. గడియారం లేకపోతే మన పీరియడ్‌లో సగం అనుకోండి. సున్నం, సిమెంటు, కాస్టిక్ సోడా అయితే అంతకంటే ఎక్కువసేపు పొయ్యాలి.

4. పొడి సున్నం, బ్లీచింగు పౌడరు లాంటి పొడి పదార్థం పడితే, ముందు పొడి గుడ్డతో కిందికి దులపాలి. తర్వాత ధారాళంగా నీళ్ళు పొయ్యాలి. పొడి మీద కొంచెం నీళ్ళు చల్లితే వేడి పుడుతుంది.

5. కడిగిన నీళ్ళు మంచి చర్మం మీదుగా, ముఖం మీదుగా కారకుండా చూడాలి. సాయం చేసేవాళ్ళు చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోవాలి.

6. కడగడం అయినాక శుభ్రమైన ఉతికిన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి పోవాలి. బొబ్బలు చిదమవద్దు.

టూత్‌పేస్టు, సిరా, పసుపు, టెంకాయ నూనె, నెయ్యి, పేడ, మట్టి, వీటిలో ఏదీ పూయవద్దు. అవి కింద ఉన్న రసాయనాన్ని కప్పిపెట్టి అక్కడే ఉంచుతాయి. డాక్టరుకు గాయం కనపడదు.

బాగా చదివే పిల్లలకు వచ్చే రెండు సందేహాలు

మొదటిది: ఆమ్లం + క్షారం = లవణం + నీరు. తటస్థీకరణం. మరి యాసిడ్ పడిన చోట సోడా పొడి, సున్నం పడిన చోట నిమ్మరసం వేస్తే సరిపోతుంది కదా?

పరీక్షలో ఇది సరైన జవాబే. ఒంటి మీద మాత్రం తప్పు. తటస్థీకరణం జరిగేటప్పుడు వేడి పుడుతుంది. గాజు బీకరుకు ఆ వేడి ఏమీ చెయ్యదు. కాలిన చర్మానికి అది రెండో కాలుడు. పైగా ఎంత వెయ్యాలో ఎవరికి తెలుసు? ఎక్కువైతే అదే ఇంకో గాయం చేస్తుంది. సోడా కోసం వెదికేలోపల విలువైన నిమిషాలు పోతాయి. నీళ్ళయితే వేడిని, రసాయనాన్ని రెంటినీ కడిగి తీసుకుపోతాయి.

రెండోది: "ఆమ్లంలో నీళ్ళు పొయ్యవద్దు, నీళ్ళలోనే ఆమ్లం కొంచెం కొంచెంగా పొయ్యాలి" అని సైన్సు సారు చెప్పినారు. మరి ఒంటి మీది యాసిడ్ మీద నీళ్ళు ఎట్లా పొయ్యాలి?

బీకరు నిండా గాఢ ఆమ్లం ఉంటే, దాంట్లో కొంచెం నీళ్ళు పడగానే అక్కడికక్కడ ఉడికి చిమ్ముతుంది. వేడి బయటికి పోయే దారి లేదు. ఒంటి మీద ఉన్నది కొంచెం ఆమ్లం. దాని మీద పారేది చాలా నీళ్ళు. పుట్టిన వేడి నీళ్ళతోనే కొట్టుకుపోతుంది. కాబట్టి రెండు సూత్రాలూ సరైనవే. కొంచెం నీళ్ళు చిలకరించి ఊరుకుంటేనే ప్రమాదం. పోస్తే ధారాళంగా పొయ్యాలి.

కంటిలో పడితే

మన ఇండ్లల్లో దీనికి పెద్ద కారణం వక్కాకు సున్నం. చిన్న ప్లాస్టిక్ పొట్లాల్లో వస్తుంది. పిల్లోళ్ళు దాన్ని ఒత్తుతూ ఆడుకుంటారు. పొట్లం టప్పుమని పగిలి కంటిలో చిమ్ముతుంది. ఇట్లా చూపు పోయిన పిల్లలు మన దేశంలో చాలామంది ఉన్నారు. కాబట్టి జేజి వక్కాకు తిత్తి తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అందకుండా పెట్టాలి.

కంటిలో పడిన వెంటనే పడుకోబెట్టి, లేదా తల వంచి, దెబ్బ తగిలిన కన్ను కిందికి ఉండేటట్లు చెయ్యాలి. ఇంకో కంటిలోకి నీళ్ళు పోకుండా అన్నమాట. వేళ్ళతో రెప్పలు విడదీసి పట్టుకొని, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు సన్నటి ధారగా మంచినీళ్ళు పొయ్యాలి. పిల్లోడు కన్ను గట్టిగా మూసుకుంటాడు, ఏడుస్తాడు, తంతాడు. ఇద్దరు పట్టుకోవాలి. జాలిపడి వదిలిపెట్టొద్దు. ఇరవై నిమిషాలకు తక్కువ కాకూడదు. సున్నమైతే అరగంట పైగా పొయ్యాలి. వీలైతే ఆసుపత్రికి పోయే దారిలో కూడా పోస్తూనే ఉండాలి.

కన్ను నలపవద్దు. ఆముదం, చనుబాలు, తేనె, పాత కంటి చుక్కలు వెయ్యవద్దు. నీళ్ళు పోసినాక కూడా సున్నపు పెళ్ళలు రెప్ప కింద అంటుకొని ఉంటాయి. వాటిని కంటి డాక్టరే రెప్ప తిరగేసి తియ్యాలి. మంట తగ్గిందని ఇంటిదగ్గర ఉండిపోతే ఆ పెళ్ళ లోపల పని చేస్తూనే ఉంటుంది.

నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటుంది. దాని అంచున ఉండే మూలకణాలు ఆ పొరను ఎప్పుడూ కొత్తగా చేస్తుంటాయి. రసాయనం వాటిని చంపితే అద్దం మసకబారుతుంది. మన హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు, మంచి కంటి నుంచి చిన్న ముక్క తీసి కాలిన కంటి మీద నాటే తేలిక పద్ధతిని కనిపెట్టి 2012లో ప్రపంచానికి తెలిపినారు. ఇంత పెద్ద వైద్యం మనకు దగ్గర్లోనే ఉన్నందుకు గర్వపడాలి. అయితే అది అవసరం రాకుండా చేసేది మొదటి నిమిషంలో మనం పోసే చెంబెడు నీళ్ళు.

మింగితే

ఇక్కడ అంతా తలకిందులు. పైన పడితే ఎన్ని నీళ్ళు పోస్తే అంత మంచిది. లోపల పడితే మనం ఏమీ పొయ్యకూడదు, ఏమీ బయటికి తియ్యకూడదు. ఈ ఒక్క తేడా గుర్తుంటే ఈ వ్యాసం చదివినందుకు ఫలితం ఉన్నట్టే.

చెయ్యకూడనివి ముందు చెప్తాను. గొంతులో వేలు పెట్టి కక్కించవద్దు. కుంకుడు రసం, ఉప్పు నీళ్ళు, చింతపండు పులుసు, పేడ నీళ్ళు తాగించవద్దు. కక్కిస్తే రెండోసారి కాలుతుంది. కక్కేటప్పుడు కొంచెం ఊపిరితిత్తుల్లోకి పోతే ఊపిరే ఆడదు. యాసిడ్ మింగినవానికి సోడా, సున్నం మింగినవానికి నిమ్మరసం, మజ్జిగ ఇవ్వవద్దు. పైన చెప్పిన వేడి సంగతే ఇక్కడ కూడా. బొగ్గు పొడి కూడా పని చెయ్యదు. అది ఆమ్లాన్ని, క్షారాన్ని పీల్చుకోలేదు. పైగా డాక్టరు గొట్టం వేసి చూసేటప్పుడు లోపలంతా నల్లగా కప్పేస్తుంది.

చెయ్యవలసినవి:

1. నోట్లో మిగిలింది ఉమ్మించాలి. నీళ్ళతో పుక్కిలించి ఉమ్మించాలి. మింగనియ్యవద్దు. పెదాలు, గడ్డం, మెడ మీద పడింది నీళ్ళతో కడగాలి.

2. 108కి ఫోను చెయ్యాలి. ఈ బండి మన రాష్ట్రంలో 2005 నుంచి ఉంది. డబ్బు అడగరు. ఢిల్లీలో ఎయిమ్స్ ఆసుపత్రిలో విషాల సమాచార కేంద్రం ఉంది. దాని ఉచిత నంబరు 1800 116 117. రాత్రీ పగలూ పలుకుతుంది. ఏం మింగినారో చెప్తే ఏం చెయ్యాలో చెప్తారు.

3. కొన్ని పాత పుస్తకాల్లో పాలు తాగించమని ఉంటుంది. డాక్టరు చెప్పకుండా పాలు కూడా పట్టవద్దు. కడుపు నిండా తాగిస్తే వాంతి వస్తుంది.

4. తెలివిలో ఉంటే నిటారుగా కూర్చోబెట్టాలి. తెలివి తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. తనంతట తనే కక్కుకుంటే ముందుకు వంచాలి, మళ్ళీ నోరు కడగాలి. ఊపిరి ఆగితే రొమ్ము మీద ఒత్తాలి. నోట్లో నోరు పెట్టి ఊదవద్దు, మన నోరు కాలుతుంది.

5. మింగిన సీసాను మూత గట్టిగా పెట్టి, కవరులో చుట్టి ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఎంత తాగినాడు, ఎన్ని గంటలకు తాగినాడు, కాగితం మీద రాసుకోవాలి.

నోట్లో పుండు కనపడలేదని ఇంట్లో ఉంచుకోవద్దు. నోరు బాగుండి లోపల కాలినవాళ్ళు ఉంటారు. సొంగ కారుతున్నా, గొంతు బొంగురుపోయినా, ఊపిరి తీసేటప్పుడు కూత వస్తున్నా, రొమ్ములో, కడుపులో నొప్పి ఉన్నా, నెత్తురు కక్కినా ఒక్క క్షణం ఆగవద్దు. పెద్దాసుపత్రిలో సాధారణంగా మొదటి రోజులోనే సన్నటి గొట్టం పంపి ఎంత కాలిందో చూస్తారు. ఇంటికొచ్చిన తర్వాత కూడా డాక్టరు రమ్మన్నప్పుడల్లా పోవాలి. మచ్చ కట్టి దారి సన్నబడేది మూడు వారాల తర్వాతే. మా చిన్నోడి విషయంలో మేము అక్కడే మోసపోయినాము.

ఇంకొకటి. గడియారాల్లో, పాటలు పాడే బొమ్మల్లో గుండీ లాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. చిన్నపిల్లోడు దాన్ని మింగి అది ఆహారవాహికలో ఇరుక్కుంటే, అక్కడి తడితో కరెంటు పారి క్షారం పుట్టి, రెండు గంటల్లోనే లోపల కాలుస్తుంది. "రేపు దొడ్డికి వస్తుందిలే" అని కూర్చోవద్దు.

పొగ పీలిస్తే

బాత్రూములు తెల్లగా రావాలని కొందరు యాసిడ్, బ్లీచింగు పౌడరు కలిపి వేస్తారు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. చిన్న గదిలో అది ప్రాణం తీస్తుంది. ఎప్పుడూ కలపవద్దు. కళ్ళు మండి దగ్గు వస్తే అన్నీ వదిలేసి బయట గాలికి రావాలి.

నత్రికామ్లం లోహం మీద పడితే గోధుమ రంగు పొగ వస్తుంది. ఆ పొగ పీల్చినవాడు అప్పటికి బాగానే ఉండి, కొన్ని గంటల తర్వాత ఊపిరాడక పడిపోవచ్చు. బంగారు పని చేసే ఇండ్లవాళ్ళు ఇది తప్పక గుర్తుంచుకోవాలి.

సీసా మార్చినదే అసలు తప్పు

మా ఇంట్లో యాసిడ్ యాసిడ్ సీసాలోనే ఉంటే చిన్నోడు తాగేవాడు కాదు. ఇది మన ఊరి బాధ మాత్రమే కాదు. నూరేళ్ళ కిందట అమెరికాలో ఇండ్లల్లో సబ్బుకు, కడగడానికి వాడే కాస్టిక్‌ను పిల్లలు చక్కెర అనుకొని, పాలు అనుకొని మింగేవాళ్ళు. షెవాలియర్ జాక్సన్ అనే గొంతు డాక్టరు అట్లాంటి ఎంతోమంది పిల్లల ఆహారవాహికలు గొట్టంతో తెరిచినాడు. ఎంతమందికి చేసినా కొత్తవాళ్ళు వస్తూనే ఉన్నారు. వైద్యం చేస్తే చాలదు, డబ్బా మీద "విషం" అని రాయించాలని ఏళ్ళ తరబడి తిరిగి పోరాడినాడు. చివరికి 1927లో అక్కడ చట్టం వచ్చింది. మా చిన్నోడికి ఇప్పుడు చేస్తున్న వైద్యం కూడా ఆ జాతిదే.

మన దేశంలో 2013 జులైలో సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకం మీద ఆజ్ఞలిచ్చింది. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకు అమ్మకూడదు. కొనేవాళ్ళు ఫోటో ఉన్న గుర్తింపు కార్డు చూపించి, ఎందుకో చెప్పాలి. అమ్మేవాళ్ళు పుస్తకంలో రాసుకోవాలి. ఆడపిల్లల మీద యాసిడ్ పోసే దుర్మార్గాన్ని ఆపడానికి ఈ ఆజ్ఞలు వచ్చినాయి. అట్లాంటి దాడి జరిగినప్పుడు కూడా మొదటి సాయం నీళ్ళే. చుట్టూ గుమికూడి చూడకుండా ఎవరైనా బిందె అందుకోవాలి.

వార్డెన్ సారుకు మా విన్నపం

సార్, ఇవి ఫిర్యాదులు కావు, మనవి మాత్రమే.

ఒకటి, ఎండాకాలం పది గంటలకే కొళాయి ఆగిపోతుంది. బాత్రూముల దగ్గర, సైన్సు గది దగ్గర ఒక్కొక్క డ్రమ్ము నిండా నీళ్ళు, ఒక మగ్గు ఎప్పుడూ ఉంచవలెను. ఆ నీళ్ళు వేరే దేనికీ వాడకుండా మేము వంతులవారీగా చూసుకుంటాము. ఆ ఆదివారం తొట్టి ఖాళీగా ఉండి ఉంటే ఏమయ్యేదో అని నాకు ఇప్పటికీ భయం.

రెండు, యాసిడ్‌ను అది వచ్చిన సీసాలోనే ఉంచి, బీరువాలో తాళం వెయ్యవలెను.

మూడు, యాసిడ్ తెమ్మని మమ్మల్ని అంగడికి పంపవద్దు. యాసిడ్‌తో కడిగే పని పిల్లలకు వద్దు. మామూలు పొడితో, చీపురుతో ఎంతైనా కడుగుతాము.

నాలుగు, ఆఫీసు ఫోను పైన గోడ మీద 108, 1800 116 117 పెద్ద అక్షరాలతో రాయించవలెను. రంగు తెస్తే మేమే రాస్తాము.

మిత్రులారా

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్క పని చెయ్యండి. గూట్లో, మంచం కింద, ఇంటెనక ఉన్న సీసాలు చూడండి. కూల్‌డ్రింకు సీసాలో తాగేది కాకుండా ఇంకేదైనా ఉంటే పెద్దవాళ్ళకు చెప్పి తీయించండి. చదువురాని మీ అవ్వకు, జేజికి ఈ మాట నోటితో చెప్పండి: "పైన పడితే నీళ్ళు, లోపల పడితే ఆసుపత్రి. కుంకుడు రసం వద్దు."

మా చిన్నోడు పోయిన నెల నాలుగుసార్లు నమిలి, ఒక చిన్న సంగటి ముద్ద మింగినాడు. ఇంట్లో అందరూ వాని గొంతు వైపే చూస్తా కూర్చున్నారు. ముద్ద దిగినాక మా జేజి ఆ రోజు మొదటిసారి అన్నం తినింది. సంగటి ముద్ద గొంతు దిగడం కూడా ఒక సంతోషమని మాకు అప్పుడే తెలిసింది. అట్లాంటి సంతోషం కోసం ఎదురు చూసే గతి మీ ఇంట్లో ఎవరికీ రాకూడదని కోరుకుంటూ సెలవు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
9వ తరగతి.

(చదివినవాళ్ళు జవాబులు రాసి పత్రిక పెట్టెలో వెయ్యండి: 1. పొడి సున్నం మీద పడితే మొదట ఏం చెయ్యాలి? 2. కంటిని ఏ వైపు నుంచి ఏ వైపుకు కడగాలి? 3. మింగినవానికి ఎందుకు కక్కించకూడదు? 4. ఏ రెండు పొరపాటున కూడా కలపకూడదు? సరైన జవాబులు రాసినవాళ్ళ పేర్లు వచ్చే సంచికలో.)